ల్యాబ్ కోర్సుకు ఫీజు ఒక్కటే లెక్క కాదు

"ఇంటర్ అయింది, ల్యాబ్ కోర్సులో చేర్చమంటారా?" అని మండపేటలో తల్లిదండ్రులు అడుగుతుంటారు. రెండేళ్ల డి.ఎం.ఎల్.టి. అయితే చేర్చండి. ఆరు నెలల సర్టిఫికెట్ చౌకే గానీ, పారామెడికల్ బోర్డు గుర్తింపు లేని కాగితంతో రిజిస్ట్రేషన్ రాదు. 2021 కేంద్ర చట్టం ల్యాబ్ వృత్తికీ రిజిస్ట్రేషన్ ఉండాలంటోంది.

ఫీజుతోపాటు రాజమండ్రికో కాకినాడకో బస్సు ఛార్జీలు, హాస్టలు ఖర్చు వేసుకోండి. మొదట్లో జీతం తక్కువే, దాపరికమెందుకు? పొలం తాకట్టు పెట్టి మాత్రం చేర్చకండి.

కాలేజీ భవనం కాదు, ఆసుపత్రి ల్యాబ్ చూడండి. విద్యార్థుల చేత రక్తం తీయిస్తారా, స్లైడు చూపిస్తారా అని అడగండి. మలేరియా క్రిమిని గుర్తుపట్టడం పుస్తకంతో రాదు. బ్లడ్ గ్రూపు తప్పు చెబితే పోయేది రోగి ప్రాణం.