మన విలువ లెక్కడ వ్రాయబడియున్నవి?

"నీ జీవితమునకు మూలమైన విలువ లేవి?" యని యడిగి, ఒక పట్టిక చేతికిచ్చి, అందులో నైదు మాటలకు గుర్తు పెట్టుమనెడి పద్ధతి నేడు మన యుద్యోగశాలలలోను విద్యాశాలలలోను ప్రబలుచున్నది. సత్యము, సమత్వము, దయ, స్వేచ్ఛ, కుటుంబము: గుర్తు పెట్టుటకు పెన్సిలు తప్ప వేఱు వ్యయము లేదు. ఇది యాత్మపరిశీలనము కాదనియు, ఆత్మవంచనకు దగ్గఱి త్రోవ యనియు మా యభిప్రాయము.

మాటకును నడతకును ఎంత దూరముండగలదో హైదరాబాదు వారికి వేఱొకరు చెప్పనక్కఱలేదు. 1987లో స్థాపింపబడిన సాఫ్ట్‌వేరు కంపెనీ యొకటి "సత్యం" అనియే పేరు పెట్టుకొనినది. 2008లో సత్పరిపాలనకై గోల్డెన్ పీకాక్ బహుమానమును గూడ బొందినది. 2009 జనవరి 7వ తేదీని దాని యధ్యక్షుడగు రామలింగరాజు లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేవని స్వయముగా లేఖ వ్రాసెను. 2015లో ప్రత్యేక న్యాయస్థానము ఆయనతో కూడ పదిమందిని దోషులని నిర్ణయించినది. గోడమీది పేరు చెప్పినది వేఱు. బ్యాంకులోని సొమ్ము చెప్పినది వేఱు.

ఒక కంపెనీని నిందించుట సులభము. మన యిండ్ల మాట యేమి? 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసిన తరువాత, ఆ కొలువులను నమ్ముకొని నిజాంపేట వంటి పల్లెలు మేడల వరుసలైనవి. ఇచ్చటి చదువరులలో నెవరినడిగినను స్త్రీపురుష సమానత్వము తమ విలువయే యందురు. వరకట్నము 1961 నుండి చట్టవిరుద్ధము. అయినను పెండ్లిమాటలలో "మే మేమియు నడుగము, మీ యమ్మాయికి మీరు పెట్టుకొనునది మీ యిష్టము" అను పలుకు వినబడుచునే యున్నది. ఆ యిష్టము ఫ్లాటు రూపమున వచ్చినప్పుడు వలదనిన యిండ్లెన్ని? శ్రమను గౌరవింతు మందురు. పనిమనిషి జ్వరపడి నాలుగు దినములు రాకున్న జీతము కోయుదురు. బిడ్డల సంతోషమే సర్వస్వ మందురు. ర్యాంకు కొఱకు ఆ బిడ్డలనే హాస్టలులో నుంచి ఆదివారము చూచివత్తురు.

"ఆశయ మెప్పుడును ఆచరణకు ముందే యుండును గదా!" యని కొంద రాక్షేపింపవచ్చును. ఉండవలసినదే. కాని మూల్యము చెల్లింపని యాశయము కోరిక మాత్రమే, విలువ కానేరదు.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగము పంతులుగారు ఏ పట్టికలోను గుర్తు పెట్టలేదు. ఊరివారు వెలివేసిరి, వంటవారు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారే నీళ్లు మోసి వంట చేసిరి. ఆ బిందె బరువే ఆ దంపతుల విలువకు తూకము.

కావున మన విలువ లెవ్వియో తెలియగోరినచో మనస్సు నడుగవలదు. అది మనకు ముఖస్తుతి చేయును. గడచిన యేటి జమాఖర్చును ముందిడుకొని, ఇష్టమైన ప్రతిమాట కెదురుగ, దానికై మనము వదలుకొనిన లాభమును, పోగొట్టుకొనిన మెప్పును వ్రాయుదము. ఎదుట నేమియు వ్రాయజాలని మాటను నిర్దాక్షిణ్యముగ కొట్టివేయుదము. ఒక్కటియే మిగిలినను అది మనది. ఏమియు మిగులకున్నను నిరాశ వలదు. రాబోవు మాఘమాసమున పెండ్లిమాటలకు కూర్చుండువారికి తొలిపద్దు వ్రాయు నవకాశము చేతిలోనే యున్నది.