వడపోత సత్తా తేలేది చివరి బిందెలోనే

బోరు నీటిలోని ఫ్లోరైడ్, ఆర్సెనిక్‌లకు రంగు, రుచి, వాసన ఉండవు. వడపోత పరికరం బాగా పనిచేస్తున్నప్పుడూ, దాని శక్తి అయిపోయాకా కుళాయిలో వచ్చే నీరు ఒకేలా తేటగా కనిపిస్తుంది. కొత్త శుద్ధి పదార్థాలను అంచనా వేసేటప్పుడు ఈ సంగతిని మరవకూడదు.

నీటిలో కరిగిన కాలుష్యాన్ని ఒక ఘనపదార్థం తన ఉపరితలంపై పట్టి ఉంచడమే అధిశోషణం. ఉపరితలంపై చోటు నిండితే ఆ పని ఆగిపోతుంది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల నానో రేణువులకు పట్టే శక్తి ఎక్కువే. కానీ వాటిని నేరుగా వాడితే నీటితోపాటు కొట్టుకుపోతాయి. అందుకే రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్ వంటి పదార్థంలో వాటిని పొదిగి గుళికలుగా తయారుచేస్తారు. ఆర్సెనిక్ తొలగింపునకు ఐఐటీ మద్రాస్‌లో టి. ప్రదీప్ బృందం రూపొందించిన ‘అమృత్’ ఇలాంటి మిశ్రమ పదార్థమే.

ఇలాంటి పదార్థాల గొప్పతనాన్ని సాధారణంగా ఒక గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాములు పడుతుందన్న లెక్కతో చెబుతారు. ఒక ఉదాహరణ చూద్దాం. లీటరుకు 4 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న నీటిని 1 మి.గ్రా.కు తగ్గించాలి. ప్రయోగశాలలో గ్రాముకు 10 మి.గ్రా. పట్టే పదార్థం కిలో ఉంటే, రోజుకు 20 లీటర్లు వాడే ఇంటికి అది ఐదున్నర నెలలు రావాలి. అసలు బోరు నీటిలో బైకార్బనేట్, ఫాస్ఫేట్ వంటివి కూడా అదే చోటు కోసం పోటీపడతాయి. వాటివల్ల సామర్థ్యం 2 మి.గ్రా.కు పడిపోతే, ఆ పదార్థం నెల రోజులకే నిండిపోతుంది. తక్కిన నాలుగున్నర నెలలూ ఆ కుటుంబం శుద్ధమైనవనే నమ్మకంతో ఫ్లోరైడ్ నీళ్లే తాగుతుంది.

ఈ పాఠం మనకు కొత్తది కాదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే ‘నల్గొండ పద్ధతి’ని 1970లలో నీరి సంస్థ రూపొందించింది. అది చవక, సులువు. అయినా రోజూ కొలత ప్రకారం మందు కలపాలి, అడుగున చేరిన మడ్డిని ఎత్తిపోయాలి. ఇలాంటి రోజువారీ పని చూసే మనిషి లేనిచోట ఎంత మంచి పద్ధతైనా మూలన పడుతుంది. ఈరోజు నల్గొండకు మిషన్ భగీరథ ద్వారా నది నీరు అందుతోంది. అలాంటి వసతి లేని పల్లెలకు మాత్రం వడపోతే దిక్కు.

కాబట్టి కొత్త మిశ్రమ పదార్థానికి నిధులిచ్చేవారు, దాన్ని కొనేవారు నాలుగు ప్రశ్నలు అడగాలి. అసలు బోరు నీటితో పరీక్షించారా? ఫ్లోరైడ్ 1.5 మి.గ్రా. దాటేలోపు ఎన్ని లీటర్లు శుద్ధి చేసింది? నిండిన పదార్థాన్ని తిరిగి వాడే వీలుందా, లేకుంటే దాన్ని ఎక్కడ పారేస్తారు? నెలనెలా నీటిని పరీక్షించే బాధ్యత, అందుకు డబ్బు ఎవరివి? ఆర్సెనిక్ నిండిన గుళికలను ఊరి చెరువుగట్టున పారబోస్తే, నీటిలోంచి తీసిన విషాన్ని మళ్లీ నీటికే అప్పగించినట్టు.

మొదటి బిందె నీళ్లను శుభ్రం చేయగల పదార్థాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. చివరి బిందె ఏదో ముందుగా చెప్పగలిగే ఏర్పాటు ఊళ్లకు ఇప్పుడు కావాలి.