మొదటి మెషిన్ మిగ్గే కావాలా?

సంపాదకులకు,

ఇంట్లోనే జీపు భాగాలు చేసుకోవడంపై మీరు వేసిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ కొత్తవాళ్లు నేరుగా మిగ్ వెల్డింగ్ మెషినే కొనాలన్న సలహా మా తిరుత్తంగల్‌లో వాకిట్లో పనిచేసుకునేవాళ్లకు కుదరదు. గాలికి షీల్డింగ్ గ్యాస్ చెదిరిపోయి అతుకంతా గుల్లబారుతుంది. సిలిండరు నింపించుకోవడం మరో తలనొప్పి. రాక్ స్లైడర్లు, బ్రాకెట్లు చేసే 3 నుంచి 6 మి.మీ. ఇనుముకు 200 ఆంపియర్ల ఆర్క్ ఇన్వర్టర్ చాలు. డబ్బా మీది ఆంపియర్లు చూసి మురిసిపోకండి, డ్యూటీ సైకిల్ ఎంతో అడగండి. 60 శాతమంటే 10 నిమిషాల్లో 6 నిమిషాలే వెల్డింగ్, మిగతాది మెషిన్‌కు విశ్రాంతి. బరువు మోసే చోట తేమ తగలని 7018 రాడ్డే వాడాలి.

నిప్పురవ్వల ఊసే వ్యాసంలో లేదు! అవి 35 అడుగుల దాకా ఎగరగలవు. మాదేమో శివకాశి పక్క ఊరు. బాణసంచా, అగ్గిపెట్టెల పనితో బతికే ప్రాంతం. మందు, కాగితం నిల్వ ఉన్నచోట దరిదాపుల్లో వెల్డింగ్ హోల్డర్ ముట్టుకోకూడదు.

ఇక ముందు బిగించే బుల్ బార్లంటారా, అవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. స్టీరింగ్, బ్రేకు భాగాలకు మాత్రం దయచేసి ఇంటి వెల్డింగ్ చేయకండి.

— ఒక పాఠకుడు, తిరుత్తంగల్