టీకా ముందు ఎవరికి?

ప్రశ్న: డాక్టరుగారూ! 2021 మార్చిలో అరవై దాటినవారికి కరోనా టీకా వేస్తున్నారని తెలిసి మా అత్తగారిని తీసుకువెళ్ళబోయాము. ఆవిడకు 68 ఏళ్ళు, చాలాకాలంగా షుగరు ఉంది. "ఇంట్లో కూర్చుని తినేదాన్ని, నాకెందుకు? బయట తిరిగి సంపాదించే అబ్బాయికి వేయించండి" అని పట్టుబట్టారు. మావారికి అప్పుడు 38 ఏళ్ళు. షుగరు ఉన్నవాళ్ళకు ఆ సూది పడదని పక్కింటివాళ్ళు కూడా అన్నారు. మేము ఊరుకున్నాము. ఏప్రిల్ నెలాఖరున ఇంటిల్లిపాదికీ జబ్బు వచ్చింది. మేమంతా లేచి తిరిగాము. ఆవిడ పోయారు. ఇన్నేళ్ళయినా మా ఆడపడుచు నన్నే అంటుంది. సంపాదించేవాళ్ళకు ముందు వేయాలన్న మాట తప్పా? మళ్ళీ అలాంటి జబ్బు వస్తే ఇంట్లో ఎవరికి ముందు వేయించాలి?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా! మీ అత్తగారిది పెద్ద మనసు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు అది అలవాటే. గిన్నెలో మిగిలిన కూర పిల్లల కంచంలో వేసి తాము పచ్చడితో సరిపెట్టుకుంటారు. కాని టీకా కూరగిన్నె లాంటిది కాదు. ఆవిడ వద్దన్న డోసు మీవారికి దక్కలేదు, దక్కేది కూడా కాదు. అప్పటి నియమం ప్రకారం 45 ఏళ్ళలోపు మామూలు జనానికి 2021 మే 1 దాకా టీకాయే లేదు. కోవిషీల్డ్ సీసాలో పది డోసులుండేవి. మూత తీసిన నాలుగు గంటల్లో వాడెయ్యాలి, లేకపోతే పారబొయ్యాలి. ఆవిడ డోసు వరుసలో వెనకున్న మరొకరికి వెళ్ళి ఉంటుంది, లేదా వృథా అయి ఉంటుంది.

షుగరువాళ్ళకు టీకా పడదన్న మాట శుద్ధ అబద్ధం. నిజం దానికి సరిగ్గా ఎదురు. షుగరు ఉన్నవారికి కరోనా ముదిరే ప్రమాదం ఎక్కువ, కాబట్టే వారు ముందు వేయించుకోవాలి. పక్కింటి వైద్యం వల్ల మన రాష్ట్రాల్లో ఎందరు పెద్దలు వరుసలోనుంచి వెనక్కి వచ్చేశారో!

మీ ఆడపడుచుగారికి ఈ పత్రిక చూపించండి. టీకా వేయించి ఉంటే ఆవిడ తప్పక బతికేవారని ఏ డాక్టరూ ప్రమాణం చేసి చెప్పలేడు. మార్చిలో మొదటి డోసు పడినా ఏప్రిల్ చివరికి రెండోది పడి ఉండేదో లేదో. ఒక్క డోసుతో వచ్చే రక్షణ కొంతే. ప్రాణాపాయం తగ్గేదన్నంతవరకే చెప్పగలం. పైగా, స్పృహలో ఉన్న పెద్దావిడ వద్దంటే కోడలు చెయ్యిపట్టి లాక్కుపోయి సూది వేయించలేదు. ఆ మాటకొస్తే, ఆ ఇంట్లో కొడుకూ ఉన్నాడు గదా, నింద కోడలి మీదికే ఎందుకు వచ్చిందో!

ఇక మీ అసలు ప్రశ్న. మీ అత్తగారు అన్న మాటనే కొన్ని దేశాలు కూడా అన్నాయి. ఇండోనేషియాలో 2021 జనవరిలో వైద్య సిబ్బందితో మొదలుపెట్టి, 18 నుంచి 59 ఏళ్ళవారికే వేశారు. బయట తిరిగేవారికి వేస్తే వ్యాప్తి తగ్గి ఇంట్లోని పెద్దలూ బాగుంటారని అక్కడివారి లెక్క. వారికి దొరికిన చైనా టీకాను ముసలివారిలో తగినంతగా పరీక్షించలేదన్నది మరో కారణం. ఆ పరీక్షల ఫలితాలు వచ్చాక ఫిబ్రవరిలో పెద్దలకూ అనుమతించారు. బ్రిటన్‌లో 2020 డిసెంబరు 8న టీకాలు మొదలైనప్పుడు దీనికి ఎదురుదారి పట్టారు. వృద్ధాశ్రమాల్లోని వారు, వారికి సేవ చేసేవారు ముందు. తరువాత ఎనభై దాటినవారు, వైద్య సిబ్బంది. అక్కడినుంచి వయసు మెట్లు ఒక్కొక్కటే దిగుతూ వచ్చారు.

నా ఓటు బ్రిటన్ వరుసకే. ఇరవై ఏళ్ళ కుర్రవాడి కంటే డెబ్బై దాటినవారికి కరోనాతో చావు ముప్పు ఎన్నో పదుల రెట్లు. టీకా వేయించుకున్నవాడికీ జబ్బు రావచ్చు, వాడినుంచి ఇంట్లోవారికి అంటనూ వచ్చు. మనిషిని ప్రాణాపాయం నుంచి తప్పించడంలోనే ఆ టీకాలకు బలం ఎక్కువ. కొడుక్కి వేస్తే తల్లికి అడ్డుగోడ కట్టినట్టేననుకోవడం అందుకే కుదరదు. ఉన్న డోసులు తక్కువైనప్పుడు, ఎవరికి వేస్తే చావు తప్పే అవకాశం ఎక్కువో వారికే ముందు.

మన దేశంలోనూ ఇంచుమించు ఇదే పద్ధతి. మొదటి విడతకు వేసిన లెక్క 30 కోట్ల మంది: వైద్య సిబ్బంది కోటి, పోలీసులు, పారిశుధ్య సిబ్బంది వగైరా రెండు కోట్లు, తక్కినవారు పెద్దలు, రోగులు. "డాక్టర్లు తమకు తాము ముందు వేసుకున్నారు" అని కొందరు ఎత్తిపొడిచారు. 2021 జనవరి 16న ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదటి సూది వేయించుకున్నది ఒక పారిశుధ్య కార్మికుడు. వార్డులు తుడిచేవారు, నర్సులు పడిపోతే మంచాలున్నా చూసే దిక్కుండదు. వారిని ముందు నిలబెట్టింది గౌరవం కోసం కాదు. మార్చి 1 నుంచి అరవై దాటినవారికి, గుండె, మూత్రపిండాల జబ్బులు, కేన్సరు వంటి 20 రకాల జబ్బులున్న 45 దాటినవారికి వేశారు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ.

వరుస చెడింది మే నెలలో. డోసులు చాలని సమయంలో పద్దెనిమిది దాటిన అందరికీ తలుపులు తెరిచారు. అదీ ఫోనులోనో కంప్యూటరులోనో ముందు పేరు నమోదు చేసుకోవాలి. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా వచ్చినవారికీ నమోదుకు వీలు కల్పించేదాకా, చిన్నవారిలో వరుస జబ్బునుబట్టి కాకుండా వేళ్ళ చురుకునుబట్టి నడిచింది. తోపుడుబండి మీద కూరలమ్మే మనిషి వెనకబడ్డాడు. ఇంట్లో కూర్చుని పనిచేసే కుర్రవాడు ముందున్నాడు. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. ఆ మే నెలాఖరున తెలంగాణ ప్రభుత్వం గ్యాసు బండలు తెచ్చేవారు, రేషను డీలర్లు, కూరగాయలవాళ్ళు వంటివారిని పిలిచి వేయించడం మంచి పని. జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల తల్లులకు వేశారు. పిల్లలకు జబ్బు వస్తే ఆస్పత్రిలో పక్కన ఉండేది తల్లే గదా అని.

అయితే మళ్ళీ వచ్చే జబ్బుకు కూడా ముసలివారే ముందు అని ఇప్పటినుంచే రాసిపెట్టుకోకండి. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ సంగతి చూడండి. అలాంటి వైరస్ వెనకటి కాలంలో తగిలి ఉండటంవల్ల పెద్దవాళ్ళలో చాలామందికి కొంత నిరోధకశక్తి ఉంది. గర్భిణులకు, చిన్నవారికి అది గట్టిగా తగిలింది. అమెరికాలో అప్పుడు గర్భిణులు, పసికందులను చూసుకునేవారు, వైద్య సిబ్బంది, 24 ఏళ్ళలోపువారు, దీర్ఘరోగాలున్న నడివయసువారు ముందు నిలిచారు. ఆరోగ్యంగా ఉన్న 65 దాటినవారు ఆగవలసివచ్చింది. అక్కడ వరుస తిరగబడింది. ఏ జబ్బు ఎవరిని ఎక్కువగా చంపుతున్నదో మొదటి కొన్ని నెలల్లో తేలుతుంది. దానినిబట్టే మీ ఇంట్లోనూ ఎవరిని ముందు పంపాలో తేల్చుకోవాలి.

ఇప్పటికి మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో ఒక్కొక్కరి వయసు, ఉన్న జబ్బులు, వాడే మందులు, ఏ మందు పడదో ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డుతోపాటు పెట్టుకోండి. టీకా కేంద్రంలో మొదట అడిగేవి అవే. అరవై దాటినవారు, షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు మీ ఇంట్లో ఉంటే, ఏడాదికొకసారి వేసే ఫ్లూ టీకా గురించీ, నిమోనియా టీకా గురించీ మీ డాక్టరును అడగండి. వీటికి వరుసలో నిలబడనక్కరలేదు. జ్వరం గట్టిగా ఉంటే తగ్గాక వేయించండి.