పక్క గదిలో ఉండే ఆర్.ఏ.



అమెరికాలో పిల్లలు చదువుకొంటున్న తలిదండ్రులు కలిసినప్పుడు ఈ మధ్య ఒక మాట తరచుగా వింటున్నాము. "మా అమ్మాయికి హాస్టల్లో ఆర్.ఏ. పని దొరికిందండీ, గది ఉచితం, భోజనం కూడా ఇస్తారట" అంటారు. సంతోషించవలసిన సంగతే. అక్కడి విశ్వవిద్యాలయాలలో గదికి, భోజనానికి కలిపి చాలాచోట్ల ఏడాదికి మన లెక్కలో 10 లక్షల రూపాయలు దాటుతుంది. కాని ఆ పనిలో ఏమేమి ఉంటాయని అడిగితే, "ఏదో హాస్టల్ చూసుకోవడం" అని ఊరుకుంటారు. ఆ "ఏదో" గురించే ఈ నెల నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆర్.ఏ. అనగా రెసిడెంట్ అసిస్టెంట్. మన హాస్టళ్ళలో వార్డెన్ ఉంటారు. ఆయన సాధారణంగా ఒక లెక్చరరో, ఉద్యోగియో అయి ఉంటారు. అక్కడ ఆర్.ఏ. మాత్రం తోటి విద్యార్థే. వయస్సు చాలావరకు 19, 20 సంవత్సరాలు. ఒక అంతస్తులో 30, 40 మంది ఉంటే, వారి మధ్యనే ఒక గదిలో నివాసం. పైన జీతానికి పనిచేసే హాల్ డైరెక్టర్ ఉంటారు గాని, అర్ధరాత్రి ఎవరైనా ఏడుస్తూ తలుపు తడితే మొదట లేచేది ఈ పిల్లలే.

ఒకప్పుడు అమెరికా కాలేజీలు తలిదండ్రుల స్థానంలో నిలిచి విద్యార్థులపై పెత్తనం చేసేవి. ఆడపిల్లలు రాత్రి ఇన్ని గంటలకల్లా లోపల ఉండాలని కట్టడి ఉండేది. 1960లో వర్ణవివక్షకు నిరసనగా ఒక భోజనశాలలో కూర్చున్న నల్లజాతి విద్యార్థులను అలబామాలోని ఒక ప్రభుత్వ కాలేజీ విచారణ లేకుండానే వెళ్ళగొట్టింది. అది చెల్లదని 1961లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. అటుతర్వాత ఆ పెత్తనం క్రమంగా సడలిపోయింది. 1974లో వచ్చిన చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డులపై హక్కు విద్యార్థిదే. కావున తలిదండ్రులారా, ఆర్.ఏ.కి ఫోను చేసి "మావాడు రాత్రి ఎన్నింటికి వచ్చాడు బాబూ?" అని అడగకండి. అతడు చెప్పడు. అలా చెప్పకూడదనే అతనికి నేర్పిస్తారు.

ఇక పని సంగతి. ఆగస్టులో తరగతులు మొదలు కాకముందే వీరిని పిలిపించి శిక్షణ ఇస్తారు. వచ్చేవారి పేర్లు కాగితాలపై వ్రాసి తలుపులకు అంటించడం దగ్గరనుండి మొదలవుతుంది. ఒకే గదిలో ఉండే ఇద్దరిని కూర్చోబెట్టి, దీపం ఎప్పుడు ఆర్పాలి, ఫ్రిజ్‌లో ఎవరి వస్తువులు ఎక్కడ, స్నేహితులు ఎంతవరకు ఉండవచ్చు అని ఒప్పందం వ్రాయిస్తారు. మన పిల్లలున్న చోట పోపు సంగతి కూడా ఇందులో చేర్చవలసిందే! నూనె మాడి పొగ వచ్చిందా, మంటల అలారం మ్రోగుతుంది. భవనంలోని వారందరూ మంచులో బయట నిలబడాలి. కొవ్వొత్తులు, అగరువత్తులు చాలా హాస్టళ్ళలో పూర్తిగా నిషేధం. క్రిస్మస్ కొవ్వొత్తికి కూడా మినహాయింపు లేదు.

రాత్రి డ్యూటీ వంతులవారీగా వస్తుంది. డ్యూటీ ఫోను దగ్గర పెట్టుకొని అన్ని అంతస్తులూ తిరిగి చూడాలి. మూసుకోకుండా ఏదో అడ్డు పెట్టిన తలుపు కనిపిస్తే తీసి మూయాలి. ఇది చిన్న పని అనిపించవచ్చు. 1986లో లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. హంతకుడు అలా అడ్డు పెట్టి తెరచి ఉంచిన తలుపుల గుండానే లోనికి వచ్చాడు. ఆమె తలిదండ్రుల పోరాటం వలన, కాలేజీలు తమ ఆవరణలో జరిగిన నేరాల లెక్క బయటపెట్టాలని 1990లో చట్టం వచ్చింది. నేరం తన దృష్టికి వస్తే పైకి తెలియజేయవలసిన వారిలో ఆర్.ఏ.ని కూడా చాలా విశ్వవిద్యాలయాలు చేర్చాయి.

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది అక్కడే ఉన్నది. మధ్యాహ్నం పక్కన కూర్చొని భోజనం చేసిన స్నేహితుడు రాత్రి గదిలో మద్యం సీసాతో కనిపిస్తాడు. అక్కడ 21 సంవత్సరాలు నిండనివారు త్రాగడం నేరం. ఆర్.ఏ. అది వ్రాసి పైకి పంపాలి. అలాగే ఒక అమ్మాయి వచ్చి, "నీకొక సంగతి చెబుతాను, ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంటుంది. ఆ మాట ఇవ్వకూడదు. "నీవు చెప్పేది నీ ప్రాణానికో, మరొకరి ప్రాణానికో సంబంధించినదైతే నేను చెప్పవలసి వస్తుంది అక్కా" అని ముందే చెప్పాలి. లైంగిక దాడి సంగతి అయినా చాలాచోట్ల అంతే. ఆర్.ఏ. వైద్యుడు కాడు, కౌన్సిలరూ కాడు. తెల్లవారేదాకా తానొక్కడే కూర్చొని ఓదార్చడం అతని పని కాదు. ఆ రాత్రే కౌన్సిలింగ్ కేంద్రానికో, డైరెక్టరుకో, 911కో అందజేయాలి. ఆత్మహత్య ఆలోచనలున్నవారు 988కి ఫోను చేయవచ్చు, మెసేజి పంపవచ్చు. 2022 జూలై నుండి ఈ నంబరు దేశమంతటా పనిచేస్తున్నది.

ఇక్కడ మన తెలుగువారితో ఒక మాట చెప్పాలి. పక్క గదిలో ఉన్నది మన ఊరివాడే అయితే "పరువు పోతుంది, ఇంట్లో తెలిస్తే తట్టుకోలేరు" అని దాచిపెట్టాలనిపిస్తుంది. ఇటువైపు నుండి మనమూ "నీకెందుకురా, కల్పించుకోకు, నీ చదువు చూసుకో" అంటాము. ఆ సలహా ఆర్.ఏ.కి మాత్రం ఇవ్వవద్దు. త్రాగి స్పృహ తప్పినవానిని శిక్షకు భయపడి పడుకోబెట్టి తలుపు వేస్తే, వాడు తెల్లవారి లేవకపోవచ్చు. సహాయం కోసం పిలిచినవారిని శిక్షించకూడదని చాలా విశ్వవిద్యాలయాలు, రాష్ట్రాలు నియమాలు చేసిన సంగతి పిల్లలకు తెలియాలి.

మన పాఠకులకు ఇంకొక ప్రశ్న తప్పక వస్తుంది. ఆర్.ఏ. తన గదిలో బైబిలు అధ్యయనం పెట్టుకోవచ్చునా? 2005లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఓక్లేర్ శాఖ కూడదన్నది. వివాదం కోర్టుకెక్కింది. 2006లో అక్కడి పాలకమండలి, తమ పదవితో ఎవరినీ ఒత్తిడి చేయనంతవరకు పెట్టుకోవచ్చునని విధానం మార్చింది. ఆ షరతు న్యాయమైనదే అని మా అభిప్రాయం. నియమం మీరితే తనపై వ్రాసి పంపగల వ్యక్తి ప్రార్థనకు పిలిస్తే, రాలేనని చెప్పడం 18 ఏళ్ళ పిల్లవానికి సులభం కాదు. రానివాని తలుపు కూడా అంతే ఆదరణతో తట్టగలనన్న ధైర్యం ఉంటేనే పిలవాలి.

దరఖాస్తు పెట్టే ముందు కొన్ని అడిగి తెలుసుకోవాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే రోజుల్లో ఆవరణలో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. ఎం.ఎస్. విద్యార్థికి అప్పటికే 20 గంటల అసిస్టెంట్‌షిప్ ఉంటే దీనికి చోటు లేదు. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ముందుగా విచారించడం మేలు. పని పోతే దానితోపాటు గది కూడా పోతుంది గనుక, ఖాళీ చేయడానికి ఎన్ని రోజులిస్తారో ఒప్పందంలో చూడాలి. సెలవులకు హాస్టల్ మూసేటప్పుడు అందరినీ పంపి గదులన్నీ చూసి ఆఖరున బయలుదేరేది ఆర్.ఏ.యే. క్రిస్మస్‌కు ఇంటికి రమ్మని ఇక్కడినుండి టిక్కెట్టు కొనేవారు, ఆ తేదీ ఏదో పిల్లలను అడిగిన తర్వాతనే కొనండి.