నొప్పి తెలియని పాదము

తిరుత్తణి కొండకు మెట్లు 365. ఆడికృత్తికకు కావడి నెత్తుకొని, పాదరక్షలు విడిచి, ఆ మెట్లెక్కుట మన తెలుగు కుటుంబములలోను తరతరములుగా వచ్చుచున్న మ్రొక్కు. తిరువళ్లూరు హృత్తాపనాశినిలో బెల్లము విడిచి వీరరాఘవస్వామిని రోగశాంతికై వేడుకొనుటయు మనకలవాటే. ఈ భక్తి నెవ్వరును తప్పుపట్టరు. కాని మధుమేహము గల పెద్దలు ఎండవేళ కాలిన ఱాతిపై వట్టికాళ్లతో నడచుటను గూర్చి యొకమాట చెప్పక తప్పదు.

అదుపు తప్పిన మధుమేహము ఏండ్లు గడచిన కొలది పాదముల నరములను మొద్దుబార్చును. అప్పుడు ఱాయి కాల్చినను, ముల్లు దిగినను తెలియదు. "నాకేమియు నొప్పి లేదు" అని వారు ధైర్యముగా పలుకు మాటయే ప్రమాదసూచన.

ఈ సత్యము మన పొరుగుననే తేటపడినది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండు, కుష్ఠురోగుల పాదములు చెడుటకు నొప్పి తెలియక కలుగు గాయములే ముఖ్యకారణమని చూపెను. 1966లో ఆయన అమెరికాకు వెళ్లిన పిదప ఆ జ్ఞానము మధుమేహుల పాదరక్షణకును తోడ్పడినది.

రక్తనాళములు ఇరుకగుట, పొగత్రాగుట, మూత్రపిండముల జబ్బు, చూపు మందగించుట, వేళ్లు వంకరపోవుట, అరికాలి ఆనెలు, బిగువు చెప్పులు—ఇవియు పుండునకు దారితీయును. ఆనెలను ఇంట బ్లేడుతో కోసికొనుట మఱింత ప్రమాదము. ఒకసారి పుండు పడి మానినవారిలో నూటికి సుమారు 40 మందికి ఏడాదిలోపల మరల పడుచున్నది. కనుక వారికి అందఱికంటె ఎక్కువ జాగ్రత్త కావలెను.

10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగుతో అరికాలిని తాకి వైద్యులు స్పర్శను పరీక్షింతురు. దీనికి కొన్ని నిమిషములు చాలును. మధుమేహులందఱును ఏడాదికొకసారియైనను ఈ పరీక్ష చేయించుకొనవలెను. ప్రతిరాత్రి పాదములను, వేళ్లసందులను చూచుకొనవలెను. వంగలేని పెద్దలకు కోడలో మనుమరాలో చూడవలెను. ఎఱ్ఱదనము, పొక్కు, పగులు కనబడిన యెడల నొప్పి లేకున్నను వైద్యుని కడకు పోవలెను.

స్పర్శ తగ్గినవారు మోటారు మార్గమున కొండ చేరి, ఎండ ముదరకముందే దర్శనము చేసికొనుట మేలు. మెట్ల మ్రొక్కును కుమారుడు చెల్లించినను స్వామి కాదనడు. మన సంఘము ప్రతి సంవత్సరము ఆడికృత్తికకు ముందు ఒక పాదపరీక్షా దినము నేర్పాటు చేయవలెనని నా మనవి.