రంగం వెళ్ళినవాళ్ళ మనవలం

కిందటేడు మన కాలేజీ వక్తృత్వ పోటీలో "అక్రమ వలసదారులను దేశం నుంచి పంపించివేయాలి" అన్న పక్షాన నేను మాట్లాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి. రెండో బహుమతిగా ఒక స్టీలు గిన్నె ఇచ్చారు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు దాన్ని అమ్మ చేతిలో పెడితే "దేని గురించి మాటాడేవురా?" అని అడిగింది. చెప్పాను. అమ్మ గిన్నె తిరగేసి చూసి, "మరి మీ చిన్నాన్నో?" అంది.

చిన్నాన్న అరుగు మీదే ఉన్నాడు, తాడు పేనుకుంటున్నాడు. విన్నాడో లేదో తెలీదు.

మాది మూడెకరాల మెట్ట. రెండేళ్ళు వరసగా వానలు పోయి అప్పు పెరిగితే, చిన్నాన్న ఒక ఏజెంటుకి లక్ష పోసి కువైట్ వెళ్ళాడు. డ్రైవరు పని అన్నారు, తీరా ఎడారిలో మేకలు కాయమన్నారు. పాస్‌పోర్టు సేటు దగ్గరుంది, జీతం లేదు. పారిపోయి సిటీలో దొరికిన పనల్లా చేశాడు. అక్కడ మనవాళ్ళు ఇలాంటివాళ్ళని 'ఖల్లివల్లి' అంటారు. మూడేళ్ళు అలాగే గడిపాడు. శుక్రవారం గుడికి పూజకు పోవాలన్నా పోలీసు భయమే. 2018లో కువైట్ ప్రభుత్వం జరిమానా లేకుండా వెళ్ళిపోవడానికి గడువిస్తే, అవుట్‌పాస్ తీసుకుని ఇంటికొచ్చాడు. కాబట్టి మిత్రులారా, నేను వేదిక మీద వెళ్ళగొట్టమన్నవాడు మా చిన్నాన్నే!

మేము కతోలికులం. సెలవుల్లో మా విచారణ గురువులను ఈ సంగతే అడిగాను. పరదేశికి చోటిచ్చినవాడు తనకే చోటిచ్చాడని క్రీస్తు ప్రభువు చెప్పాడు కదా, మరి దేశానికి సరిహద్దులు ఎందుకు, అని. ఫాదర్ గారు నవ్వి, 1992లో వచ్చిన సత్యోపదేశ గ్రంథంలో 2241వ అంశం చదవమన్నారు. అందులో రెండు మాటలూ ఉన్నాయి. కలిగిన దేశాలు తమకు చేతనైనంత మేరకు, బ్రతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి చేర్చుకోవాలి. ప్రభుత్వం మాత్రం ప్రజల మేలు కోసం దానికి షరతులు పెట్టవచ్చు, వచ్చినవాడు ఆ దేశం చట్టానికి లోబడాలి. పూర్వం 1952లో పన్నెండవ భక్తినాథ పోపుగారు వలసల మీద రాసిన లేఖ కూడా, హేరోదుకు భయపడి ఐగుప్తుకు పారిపోయిన నజరేతు కుటుంబాన్ని గుర్తుచేస్తూనే మొదలవుతుంది. ఆ పసిబిడ్డకు వీసా ఎవరిచ్చారు?

ఈ తగాదా పెద్దవాళ్ళ మధ్యా నడిచింది. అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ కతోలికుడు, పైగా మన తెలుగింటి అల్లుడు. ముందు కుటుంబం, తర్వాత ఇరుగుపొరుగు, తర్వాత దేశం, ఆ తర్వాతే మిగతా లోకం, ప్రేమకు వరస ఇదీ అని ఆయన 2025 జనవరిలో అన్నాడు. ఫిబ్రవరి 10న ఫ్రాన్సిస్ పోపుగారు అమెరికా బిషప్పులకు లేఖ రాశారు. నేరస్థుల నుంచి తన్ను కాపాడుకునే హక్కు దేశానికి ఉందని ఒప్పుకున్నారు. కానీ ప్రేమ వరస ఏమిటో తెలియాలంటే మంచి సమరయుని కథ చదవమన్నారు. నిజం చెప్పొద్దూ, వాన్స్ మాట మొదట నాకు నచ్చింది. రైతు కొడుకుని, ముందు మా చేనుకే నీళ్ళు పెడతాను. కానీ పక్క చేనువాడు గట్టు మీద పడిపోయి ఉంటే మడక తిప్పుకొచ్చి లేపుతాం. దానికి వరస చూడం.

మన విశాఖ రేవు దగ్గర నిలబడి ఆలోచిస్తే ఇంకో సంగతి. మా తాతల కాలంలో బర్మాని 'రంగం' అనేవారు. అప్పు ఎక్కువైనవాడల్లా ఓడెక్కి రంగం పోయేవాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మా వాళ్ళను పనిలో పెట్టుకుని, సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నాయి. ఆ మంట 'కోరంగీల' మీద పడింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. బర్మా వాడి బాధ అబద్ధమా? కాదు. వాడి నోటి దగ్గర కూడు పోయింది. కాకపోతే తీసినవాడు కంపెనీవాడు, దెబ్బ తిన్నవాడు కూలీ. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి వేరుపడేసరికి కూలీ ఉన్న చోటు వేరే దేశమైపోయింది. 1942లో కొందరు కొండలు దాటి నడిచివచ్చారు. 1964 తర్వాత మిగిలినవాళ్ళలో చాలామంది ఓడల్లో తిరిగొచ్చారు. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఆ పేరుతో ఇప్పటికీ ఉంది. మన క్లాసుల్లో వాళ్ళ మునిమనవలు ఉండే ఉంటారు.

అందుకని గేట్లన్నీ తీసెయ్యమంటానా? అనను. తక్కువ కూలికి బయటివాళ్ళను దింపే కాంట్రాక్టరు వల్ల మా ఊరి కుర్రాళ్ళకే పని పోతోంది, అది నేను చూస్తున్నాను. ఎవరు వస్తున్నారో ప్రభుత్వానికి తెలియాలి. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. చేయనీ. తేల్చేది మాత్రం చట్టం తేల్చాలి, మనిషిని మనిషిగా విడివిడిగా విచారించి. వీధిలో కుర్రాళ్ళు భాష విని తేల్చకూడదు. పూర్వం చేలో పడ్డ పశువుని బందెలదొడ్డిలో పెట్టినా మేత వేసేవారు. మనిషిని పశువుతో పోల్చినందుకు క్షమించండి.

ఇంకోటి, మావాళ్ళకి కోపం వచ్చినా రాస్తాను. 2019 పౌరసత్వ సవరణలో మూడు దేశాల నుంచి వచ్చిన క్రైస్తవుల పేరు కూడా ఉందని మా విచారణలో కొందరు సంతోషించారు. అందులో ముస్లిముల పేరు లేదు, మన రంగం ఉన్న దేశం పేరూ లేదు. సమరయుడు మతం అడిగాక కట్టు కట్టలేదు.

మొన్న మా హాస్టలు వెనక కడుతున్న బిల్డింగు దగ్గర ఒక తాపీ కుర్రాడు మంచినీళ్ళు అడిగాడు. నా ఈడే. బెంగాలీ మాట. ఏ ఊరని హిందీలో అడిగాను. ముర్షిదాబాద్ అన్నాడు. సీసా అందించేలోపలే జేబులోంచి ఫోను తీసి ఆధార్ కార్డు ఫోటో చూపించాడు. నేను కార్డు అడగలేదు. ఊరే అడిగాను.

— బి.యస్సీ. రెండవ సంవత్సరం